సంతకం చూడకుండా పాస్ చేసిన చెక్కు

సంపాదకులు గారు ఈ సంచికకు నన్ను నామినేషన్ల గురించి రాయమన్నారు. బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఎందుకు రాయించుకోవాలో, రాయించకపోతే పెద్దవాళ్లు పోయాక పిల్లలు ఎన్ని కాగితాలు పట్టుకుని తిరగాలో నాలుగు ముక్కలు చెప్పమని వారి కోరిక. అది వచ్చే సంచికకు తప్పకుండా రాసిస్తాను. ఈసారికి మాత్రం వేరే విషయం రాయనివ్వమని నేనే వారిని బతిమాలుకున్నాను. అది నా బల్ల సొరుగులో చాలాకాలంగా పడి ఉన్న ఒక డైరీకి సంబంధించినది.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా బ్రాంచిలో వాడకుండా మిగిలిపోయిన పాత సంవత్సరం డైరీ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. బి.కాం. చదివిన వాడికి ఖాళీ కాగితం కనబడితే గీతలు కొట్టబుద్ధి అవుతుంది. ఐదు గడులు గీశాను. తేదీ, ఎవరు పంపారు, అందులో ఏముంది, ఎవరు చెప్పినట్టు రాసి ఉంది, నేనేం చేశాను. కరోనా గురించి నా ఫోనుకు వచ్చిన ప్రతి వాట్సాప్ మెసేజీనీ అందులో ఎక్కించాను. మన బరంపురం తెలుగు సంఘం గ్రూపు, మేముండే అపార్టుమెంటు గ్రూపు, మా అక్కచెల్లెళ్లు, బావలు, మేనల్లుళ్లు ఉన్న కుటుంబ గ్రూపు, ఈ మూడూ నాకు చిట్టా. ఆ డైరీ ఆవర్జా. 2021 ఆగస్టులో రాయడం ఆపేశాను. ఎందుకు ఆపానో తరవాత చెబుతాను.

అసలు ఈ అలవాటు పడడానికి కారణం కోళ్లు. నవ్వకండి. దేశంలో మొదటి కరోనా కేసు కేరళలోని త్రిశ్శూరులో 2020 జనవరి 30న బయటపడింది. ఫిబ్రవరి రెండో వారానికల్లా కోడిమాంసం తింటే కరోనా వస్తుందని ఫోన్లలో బొమ్మలు తిరగడం మొదలెట్టాయి. ఏదో రోగంతో పాడైన కోడి బొమ్మ పెట్టి, కింద ‘కరోనా సోకిన కోడి’ అని రాశారు. అప్పుడు నేను గంజాం జిల్లాలో ఒక చిన్న ఊరి బ్రాంచికి మేనేజరుని. మా దగ్గర అప్పు తీసుకుని బ్రాయిలర్ కోళ్ల షెడ్లు వేసిన కుర్రాడొకడు ఉండేవాడు. మనవాడే, తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బ్రాయిలర్ కోడి నలభై రోజులకు రెండు కిలోల దాకా తూగుతుంది. ఆ తరవాత ఒక్కొక్క రోజు అట్టేపెట్టుకుంటే మేత దండగ, పైగా చచ్చిపోతాయన్న భయం. ఆ కుర్రాడి కోళ్లు సరిగ్గా అమ్మకానికి వచ్చేసరికి కొనేవాడు లేడు. మేతకు పెట్టిన డబ్బులో సగం కూడా చేతికి రాలేదు. కోళ్లకూ ఈ వైరస్‌కూ సంబంధం ఉన్నట్టు ఎక్కడా తేలలేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రకటించింది. హైదరాబాదులో ఫిబ్రవరి 28న నెక్లెస్ రోడ్డులో సభ పెట్టి తెలంగాణ మంత్రులు వేదిక మీదే చికెన్ ముక్కలు తిని చూపించారు. మా ఊళ్లో అప్పటికే అతని ఖాతా మొండిబాకీల వరసలోకి జరుగుతోంది. మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించబట్టి అతను ఊపిరి పీల్చుకున్నాడు.

పుకారు ఖరీదు రూపాయల్లో ఎంతో నేను కళ్లారా చూసిన మొదటిసారి అది. ఆ కోడి బొమ్మ పంపినవాళ్లలో ఒక్కరికీ ఆ కుర్రాడి మీద పగ లేదు. చాలామందికి అతనెవరో కూడా తెలియదు. పెళ్లాంబిడ్డల మీద ప్రేమకొద్దీ పంపారు.

రెండోసారి ఏప్రిల్‌లో. జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు నెలకు ఐదువందల చొప్పున మూడు నెలలు వేస్తామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. దేశం మొత్తం మీద 20 కోట్ల పైచిలుకు ఖాతాలు. అందరూ ఒకేరోజు బ్యాంకుల మీద పడకుండా ఖాతా నంబరులో చివరి అంకెను బట్టి రోజులు పంచారు. సున్నా, ఒకటి అయితే ఏప్రిల్ 3న, ఎనిమిది, తొమ్మిది అయితే 9న. ఏప్రిల్ 3 పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి, సుద్దతో గీసిన గుండ్రాలన్నీ దాటిపోయి మూలమీది కిరాణా కొట్టు దాకా జనం. మొహాలకు చీర చెంగులు, తువ్వాళ్లు. అందులో సగంమంది వంతు ఆరోజు కాదు. ఒక ముసలామె పుస్తకం చూస్తే చివరి అంకె ఎనిమిది.

“నీది తొమ్మిదో తారీకమ్మా, ఇప్పుడెందుకొచ్చావు ఎండలో?” అన్నాను.

“ఈ పొద్దు తియ్యకపోతే గవర్నమెంటోడు ఎనక్కి లాగేసుకుంటాడట గదా బాబూ” అంది.

“ఎవరు చెప్పారు?”

“సెల్లులో వచ్చిందట.”

ఆమెకు సెల్లు లేదు. పక్కింటి కుర్రాడి సెల్లులో వచ్చింది, వాడు చదివి వినిపించాడు. డబ్బు ఎక్కడికీ పోదనీ, ఎప్పుడైనా తీసుకోవచ్చుననీ ఆర్థిక శాఖ వారు ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన ఒడియాలో అచ్చువేసి గోడకు అంటించాను. చదివినవాళ్లు తక్కువ.

ఆరోజు నాకు విసుగు వచ్చిన మాట వాస్తవం. రాత్రి డైరీలో ఎక్కిస్తున్నప్పుడు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఆ ముసలామె అజ్ఞానంతో నమ్మిందా? 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు చెబితే, అర్ధరాత్రి దాటేసరికి ఆమె బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదువందల నోటు చెల్లకుండా పోయింది. ఆ నోటు మార్చుకోవడానికి ఇదే బ్యాంకు ముందు, ఇదే వరసలో నిలబడింది. ఒకసారి అలా జరిగిన మనిషికి ‘ఇవాళ తీసుకోకపోతే పోతుంది’ అనే మాట అబద్ధంలా ఎలా వినబడుతుంది? పుకారు ఖాళీ నేలమీద మొలవదు. దానికి ముందే ఎవరో దున్ని పెట్టి ఉంటారు. జనం ఎందుకు ఇలాంటివి నమ్ముతారని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ ముసలామెనే తలుచుకుంటాను.

* * *

ఈ వాట్సాపులు లేనప్పుడు పుకార్లు లేవా అంటే, ఎందుకు లేవు! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్నారు. మన గంజాం జిల్లా మగవాళ్లు సూరత్ మరమగ్గాల మీద ఎంతమంది బతుకుతున్నారో ఒడిశా పాఠకులకు చెప్పనక్కరలేదు. షోలాపూరు వారికీ ఆ మరమగ్గాల బతుకు తెలిసినదే. కొద్ది రోజుల్లోనే లక్షలమంది సూరత్ విడిచి పారిపోయారు. దేశం మొత్తం మీద చనిపోయినవారు చూస్తే వందలోపే. ఇక్కడి మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు దొరకలేదు. రైలు దిగినవాడి చేతి మంచినీళ్లు కూడా తాగవద్దన్నారు. ఒక్క ఎస్.టి.డి. బూతులో ఒకడు విన్న మాట సాయంత్రానికి వీధంతా తెలిసేది.

2020 మే నెలలో అదే సూరత్ నుంచి, అవే కుటుంబాల పిల్లలు రైళ్లలో తిరిగి వచ్చారు. ఊళ్లలో బడి భవనాల్లో ఉంచారు. ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చి, గడువు పూర్తిచేసిన వారికి రెండువేల రూపాయలు ఇచ్చింది. జూలై నాటికి రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ కేసులు మన గంజాం జిల్లావే. భయానికి కారణం లేకపోలేదు. కానీ మా అపార్టుమెంటు గ్రూపులో తిరిగినవి జాగ్రత్తలు కావు. ఫలానా వీధిలో ఫలానా ఇల్లు అంటూ జాబితాలు. అంతకు ముందు ఏప్రిల్‌లో ఒక మతంవాళ్లు పళ్లమీద ఉమ్ముతున్నారని వీడియోలు. వాటిలో కొన్ని కరోనా మన దేశంలో వ్యాపించకముందు తీసిన పాత వీడియోలని పత్రికలు తరవాత తేల్చి చెప్పాయి. మా బ్రాంచి ఎదుట తోపుడుబండి మీద పళ్లమ్మే మనిషి మా ఖాతాదారే. రోజూ సాయంత్రం చిల్లర కట్టి వెళ్లేవాడు. ఆ ఏప్రిల్ తరవాత చాలాకాలం రాలేదు. ఆ వీడియో మన సంఘం గ్రూపులో కూడా వచ్చింది. నా డైరీలో చివరి గడిలో ‘ఊరుకున్నాను’ అని రాసి ఉంది.

ఆ గడి నిండా అదే మాట. ఊరుకున్నాను. ఊరుకున్నాను. పెద్దవారు పంపారు కనుక ఊరుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ గారు 2020 ఫిబ్రవరిలోనే, మనం రోగంతోపాటు తప్పుడు సమాచారపు మహమ్మారితో కూడా పోరాడుతున్నామని హెచ్చరించారు. ‘ఇన్ఫోడెమిక్’ అనే మాట అప్పటినుంచే మన చెవిన పడింది. ఆ తరవాత దేశదేశాల పరిశోధకులు ఈ మెసేజీలను పోగుచేసి లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. నేను డైరీతో చేసిన పనే వాళ్లు శాస్త్రోక్తంగా చేశారన్నమాట. రిటైరవబోయే వాడికి సాయంకాలాలు ఖాళీ, మా అబ్బాయి కంప్యూటరులో వెతికి ఇస్తే చదివాను. అర్థమైనంత మట్టుకు చెబుతాను.

అమెరికాలోని ఉష్ణమండల వైద్యసంఘం వారి పత్రికలో 2020 ఆగస్టులో ఒక అధ్యయనం వచ్చింది. 2019 డిసెంబరు 31 నుంచి 2020 ఏప్రిల్ 5 వరకు, 87 దేశాలలో, 25 భాషలలో తిరిగిన 2,311 పుకార్లను వాళ్లు ఏరి చూశారు. నిజానిజాలు తేల్చగలిగిన వాటిలో 82 శాతం అబద్ధాలు. ఇది మనం ఊహించినదే. నన్ను ఆపేసిన లెక్క ఇంకోటి. ఘాటు సారా తాగితే లోపలి వైరస్ చస్తుందన్న ఒక్క పుకారు వల్ల మిథనాల్ తాగి సుమారు 800 మంది చనిపోయారట. 5,876 మంది ఆసుపత్రి పాలయ్యారు. 60 మందికి కళ్లు పోయాయి. ఇరాన్ దేశంలో ఈ ఘోరం ఎక్కువగా జరిగింది.

అంత దూరం ఎందుకు, 2020 ఏప్రిల్ మొదట్లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాల వాళ్లు ఉమ్మెత్త గింజలు నూరుకుని తాగి ఆసుపత్రిలో పడ్డారు. టిక్‌టాక్‌లో వీడియో చూశారు. ఉమ్మెత్తకాయ ముళ్లతో గుండ్రంగా అచ్చం టీవీలో చూపించే వైరస్ బొమ్మలా ఉంటుంది కదా, అందుకని అదే దానికి విరుగుడు అన్నారు. అదృష్టవశాత్తూ బతికి బయటపడ్డారు. ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసినవాళ్లే తాగారు. భయం అలాంటిది.

రెండో అధ్యయనం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ వారిది, 2020 ఏప్రిల్ నాటిది. అబద్ధమనో తప్పుదోవ పట్టించేదనో తేలిన 225 కథనాలను విడదీసి చూశారు. వాటిలో పూర్తిగా కల్పించినవి 38 శాతమే. 59 శాతం ఎక్కడో ఉన్న నిజాన్ని వంచినవి, కత్తిరించినవి, వేరేచోట అతికించినవి. ఇంకొక సంగతి, రాజకీయ నాయకులు, సినిమావాళ్లు, పేరున్నవాళ్లు చెప్పినవి లెక్కకు 20 శాతమే అయినా, జనం స్పందించినది మాత్రం 69 శాతం వాటికే.

బ్యాంకు భాషలో చెప్పాలంటే దొంగనోటు రెండు రకాలు. కలరు జిరాక్సు తీసిన నోటును ఏ క్యాషియరైనా పట్టేస్తాడు. అసలు నోటు ముక్కా ఇంకో నోటు ముక్కా అతికించి తెచ్చినది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే వేలికి తగిలే కాగితం అసలుదే. జనతా కర్ఫ్యూ నాడు, 2020 మార్చి 22న వచ్చిన మెసేజీ గుర్తుందా? వైరస్ ఆయుర్దాయం పన్నెండు గంటలు, కర్ఫ్యూ పద్నాలుగు గంటలు, కనుక రేపటికి దేశంలో వైరస్ ఉండదు. కర్ఫ్యూ పద్నాలుగు గంటలన్నది నిజం. వస్తువుల మీద వైరస్ కొన్ని గంటలే ఉంటుందన్నదీ కొంత నిజం. మనుషుల ఒంట్లో రోజుల తరబడి ఉంటుందన్న ముక్క వదిలేశారు. ఆ లెక్క నాకు చాలా నచ్చి ఇంట్లో వాళ్లకు చదివి వినిపించాను కూడా. 2021 మేలో ఇంకోటి వచ్చింది. టీకా వేసుకున్నవాళ్లంతా రెండేళ్లలో పోతారని నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూక్ మాంటనియే అన్నాడట. ఆయనకు 2008లో నోబెల్ రావడం నిజం. ఆయన టీకాల కార్యక్రమాన్ని విమర్శించిన మాటా నిజం. రెండేళ్లలో పోతారని మాత్రం ఆయన అనలేదు. అదే నెలలో 5జీ టవర్ల వల్లే రెండో అల వచ్చిందన్నారు. అప్పటికి మన దేశంలో 5జీ సేవలే లేవు, 2022 అక్టోబరులో గానీ రాలేదు. ఇదొక్కటి పూర్తి జిరాక్సు నోటు. ఇంగ్లండులో 2020లో ఇలాంటి మాట నమ్మి టవర్లు తగలబెట్టారట. కాబట్టి తెల్లవాళ్లు తెలివైనవాళ్లని మనం మరీ అనుకోనక్కరలేదు.

మూడోది అమెరికాలో పెన్నికుక్, రాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 1,700 మందికి పైగా మనుషుల మీద చేసిన పరీక్ష. ‘ఇది నిజమా?’ అని అడిగితే జనం చాలావరకు సరిగ్గానే చెప్పారు. ‘ఇది ఇంకొకరికి పంపుతారా?’ అని అడిగితే నిజానికీ అబద్ధానికీ పెద్ద తేడా లేకుండా పంపుతామన్నారు. అంటే తెలియక కాదు, పంపేటప్పుడు ఆ ప్రశ్న మనసులోకే రాదు. ముందుగా ఏదో ఒక వార్త నిజమో కాదో చెప్పమని అడిగి, తరవాత మిగతావి చూపిస్తే, పంపడంలో కాస్త విచక్షణ కనిపించిందట.

ఇక్కడ కషాయాల గురించి ఒకమాట చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. అల్లం, మిరియాలు, పసుపు కలిపి కాచి రోజూ ఇచ్చింది. గొంతుకు హాయిగా ఉండేది. దాన్ని నేను నా డైరీలో అబద్ధాల కింద రాయలేదు. రోగం వస్తే వేడినీళ్లు, కషాయం మన ఇళ్లలో తాతలనాటి మర్యాద. చిక్కు ఎక్కడంటే, ‘ఇది తాగితే ఆసుపత్రి అక్కరలేదు’ అన్న తోక తగిలించినప్పుడు. 2021 ఏప్రిల్‌లో ముక్కులో నిమ్మరసం వేసుకుంటే ఆక్సిజన్ పెరుగుతుందని కర్ణాటకలో ఒక పెద్దమనిషి చెప్పాడు. అలా వేసుకున్న ఒక ఉపాధ్యాయుడు రాయచూరు జిల్లాలో చనిపోయాడని ఆనాటి పత్రికల్లో వచ్చింది. నిమ్మకాయ తప్పు కాదు కదా.

* * *

ఇక నా సంగతి.

మా పెద్దక్కను పర్లాకిమిడిలో ఇచ్చారు. బావగారు హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నేను బి.కాం.లో స్టాటిస్టిక్స్ పరీక్షకు వణుకుతుంటే నెలరోజులు వాళ్లింట్లో పెట్టుకుని నేర్పిన మనిషి. 2017లో గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచి రక్తం పలచబడే మాత్రలు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు. 2021 నాటికి వారికి అరవై ఏడేళ్లు.

అరవై దాటినవాళ్లకు టీకాలు 2021 మార్చి 1న మొదలయ్యాయి. మార్చి 3 పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తీస్తే మిత్రుడొకరి దగ్గరినుంచి మెసేజీ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు టీకా వేసుకోరాదు, వేసుకుంటే లోపల రక్తస్రావం అవుతుంది, స్వయంగా టీకా కంపెనీయే ఒప్పుకుంది. కింద ఇంగ్లీషులో ఒక కాగితం ఫోటో. పైన రెండు బాణాల గుర్తు, అంటే చాలామంది చేతులు మారి వచ్చిందని. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి మెసేజీని ఒకేసారి ఐదుగురికి పంపనివ్వకుండా వాట్సాప్ వారు కట్టడి చేశారు, ఒక్కసారికి ఒక్కచోటికే పంపగలం. ఆ కట్టడి వల్ల బాగా తిరిగే మెసేజీలు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. నాకు అది అడ్డం కాలేదు. ముందు సంఘం గ్రూపుకు పంపాను. మళ్లీ వెనక్కి వచ్చి కుటుంబ గ్రూపుకు పంపాను. దాని కింద ‘బావగారూ, మీరు చూడండి’ అని నా చేత్తో రాశాను కూడా.

ఆ కాగితం అబద్ధం కాదు. 2021 జనవరిలో ఒక టీకా కంపెనీ ఇచ్చిన సూచనల పత్రంలో నిజంగానే అలాంటి మాట ఉంది. కానీ ఆ తరవాత గుండె డాక్టర్లు, ఆరోగ్య శాఖ వారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు వేసుకోవచ్చని వివరంగా చెప్పారు. అంతెందుకు, నలభై ఐదు దాటి గుండెజబ్బు ఉన్నవాళ్లను మార్చి 1న అరవై దాటినవాళ్లతో సమానంగా ముందు వరసలో పిలిచారు. ప్రమాదమైతే వాళ్లనే ముందు ఎందుకు పిలుస్తారు? ఈ ప్రశ్న వేసుకోవడానికి బి.కాం. కూడా అక్కరలేదు. నేను వేసుకోలేదు. ముప్పై ఏళ్లు చెక్కు మీద సంతకం నమూనాతో పోల్చి చూడకుండా ఒక్కటీ పాస్ చేయనివాణ్ని, ఇది చూడకుండా పాస్ చేశాను.

బావగారు సాయంత్రం ఫోను చేశారు. “ఏమోయ్, నువ్వు పంపింది చూశాను. శుక్రవారం వెళ్దామనుకున్నాం. కొన్నాళ్లు చూద్దాంలే” అన్నారు. “అదే మంచిది బావగారూ” అన్నాను.

మే మొదటి వారంలో వారికి జ్వరం వచ్చింది. అప్పుడే ఒడిశాలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. ఆక్సిజన్ అంకె పడిపోతుంటే మేనల్లుడు కారులో బరంపురం తీసుకొచ్చాడు. ఒక ఆసుపత్రిలో మంచం దొరకడానికి రాత్రంతా పట్టింది. పదకొండు రోజులున్నారు. ఆ పదకొండు రోజుల్లో కూడా గ్రూపుల్లో సలహాలు ఆగలేదు. కర్పూరం, వాము మూటగట్టి వాసన చూపించమన్నారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలమంది బారులు తీరిన రోజులవి. ఎవరిచేతనైనా తెప్పిద్దామా అని సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు ప్రేమగా అడిగారు. ఆ మందును ప్రభుత్వం ఆపి, పరీక్షలు చేయించి, కంట్లో వేసే చుక్కలు మినహా మిగతావి ఇవ్వవచ్చునని మే 31న చెప్పింది. అప్పటికి బావగారు లేరు. మేనల్లుణ్నీ, నన్నూ తప్ప ఎవరినీ రానివ్వలేదు. అక్క ఫోనులోనే చూసింది.

టీకా వేసుకుని ఉంటే బతికేవారా? ఎవరూ చెప్పలేరు. మార్చి మొదటి వారంలో మొదటి డోసు, అప్పటి నియమం ప్రకారం నాలుగు నుంచి ఆరు వారాలకు రెండోది. ఏప్రిల్ మధ్యకు రెండూ పూర్తయ్యేవి. మే మొదటి వారానికి ఒంట్లో బలం వచ్చి ఉండేది. ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో నాకే తెలియదు. ఇంగ్లండు, అమెరికాల్లో సుమారు ఎనిమిదివేల మంది మీద చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. టీకాల మీద తప్పుడు వార్తలు చూపించాక, తప్పకుండా వేసుకుంటామనేవారు నూటికి ఆరుగురి చొప్పున తగ్గారట. ఆరుగురే కదా అని మొదట అనుకున్నాను. ఆ ఆరుగురూ ఎవరో ఒకరికి బావగార్లే.

ఆగస్టులో డైరీ వెనక్కి తిప్పుకుంటూ వస్తే మార్చి 3 గడి కనబడింది. ఎవరు పంపారు, ఏముంది, ఎవరు చెప్పినట్టు, అన్నీ చక్కగా రాసి ఉన్నాయి. చివరి గడిలో ‘పంపాను’. ఆరోజుతో రాయడం ఆపేశాను.

ఇప్పుడు సంఘం గ్రూపులో అనుమానం ఉన్న మెసేజీ వస్తే అందరిముందూ ఖండించను. అలా చేస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, పట్టుదల పెరుగుతుంది. మొదట్లో ఒకసారి చేసి చూశాను, ఒక పెద్దాయన ఉగాది పంచాంగశ్రవణానికి కూడా రావడం మానేశారు. విడిగా ఫోను చేసి, “బాబాయ్‌గారూ, మీరు పంపింది చదివాను, ఇది ఎక్కడినుంచి వచ్చిందండీ?” అని అడుగుతాను. సగంసార్లు వారే తీసేస్తారు. మనబోటి వాళ్లకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, మందు చీటీ ఇంగ్లీషు. పుకారు నాలుగు భాషల్లోనూ వస్తుంది, దాని ఖండన ముందుగా ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. తెలుగులో సరిచూసి చెప్పేవాళ్లు లేకపోలేదు, హైదరాబాదు ఫ్యాక్ట్‌లీ వారు ఆ పని చేస్తున్నారు. కానీ అది మన గ్రూపు దాకా మోసుకొచ్చేవాడు ఒకడు కావాలి కదా. బెంగుళూరు, మదరాసు, యానాం సంఘాల్లోనూ ఇదే పరిస్థితి అయి ఉంటుంది.

అక్కకు చాలాకాలం చెప్పలేదు. ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను, అసలు ఆ మెసేజీ చూడలేదేమో అనుకున్నాను, అలా అనుకోవడం సుఖంగా ఉండేది. నిరుడు బావగారి ఆబ్దికానికి పర్లాకిమిడి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక వెనక వసారాలో కూర్చుని చెప్పాను. మార్చి 3, నేను పంపిన మెసేజీ, ఆ కాగితం, అన్నీ.

అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్లి బావగారి డైరీ తెచ్చింది. లెక్కల మాస్టరు కదా, పాలవాడి లెక్క నుంచి బీపీ అంకెల దాకా అన్నీ అందులో రాసుకునేవారు. ఆరోజు పేజీ తీసి నా ముందు పెట్టింది. ఆ మెసేజీ మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో ఎత్తి రాసుకున్నారు. కింద కుండలీకరణాల్లో ‘బావమరిది పంపినది. నమ్మదగినది’ అని ఉంది.

“నీకు ముందే తెలుసా?” అన్నాను.

“ఆయన పోయిన పదో రోజునే చూశాన్రా” అంది.

ఆ పేజీ నాకిచ్చెయ్యమని అడిగాను. ఇవ్వలేదు. డైరీ మూసి ఒళ్లో పెట్టుకుని, “కాఫీ తాగి వెళ్లు, బస్సుకింకా టైముంది” అంది.